మెథోట్రెక్సేట్ తిరగబడి కూర్చుంటుంది: ఆకారం స్కోరును నమ్మే ముందు మేం చేసిన ఒక పరీక్ష

పోయిన ఏడాది ఆకారం స్కోరు చూసి మేం కొన్న కాంపౌండ్లలో ఒక్కటి కూడా ల్యాబ్‌లో పని చేయలేదు. టార్గెట్ (అంటే మందు పట్టుకోవాల్సిన ప్రొటీన్) ఏమిటో, నేను ఏ కంపెనీలో ఉన్నానో ఇక్కడ రాయలేను. పద్ధతిలో మాత్రం దాచాల్సిందేమీ లేదు. ప్రొటీన్‌ని బాగా పట్టుకునే ఒక అణువు, అది ప్రొటీన్‌లోని గుంటలో ఎలా కూర్చుందో చూపించే క్రిస్టల్ నిర్మాణం మా దగ్గర ఉన్నాయి. కానీ ఆ అణువు పేటెంట్ వేరేవాళ్లది. అందుకని అస్థిపంజరం వేరేగా ఉండి, అదే గుంటలో అదే తీరుగా పట్టే ఇంకో అణువు కావాలి. మా భాషలో దీన్ని స్కాఫోల్డ్ హాపింగ్ అంటారు. అమ్మకానికి దొరికే లక్షల అణువుల్ని ఒక్కొక్కటిగా మా అణువు మీద త్రీడీలో పెట్టి పోల్చే సాఫ్ట్‌వేర్ నడిపాం. పై వరసలో వచ్చినవి తెప్పించాం. స్క్రీన్ మీద అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి.

ఫలితాలు వచ్చిన రోజు మీటింగ్‌లో మా సీనియర్ మెడిసినల్ కెమిస్టు గారు కోప్పడలేదు. ప్రింటవుట్ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, ఒక నైట్రోజన్ మీద పెన్నుతో చుక్క పెట్టి అడిగారు. "ఏమ్మా, ఆకారం కుదిరింది సరే. ఈ నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉందా, లేదా? మీ సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటోంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఫైల్ ఎవరో తయారు చేశారు, నేను నడిపాను, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత మూడు వారాలు ఆ ఒక్క ప్రశ్న వెనకాలే తిరిగాం. ఇది ఆ పని వివరం.

సాఫ్ట్‌వేర్ లోపల జరిగేది

ఈ పని కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం కొంచెం చెప్తాను. అణువుని గట్టి గోళీల గుత్తిగా ఊహించుకుంటే, రెండు గుత్తులు ఒకదాంట్లో ఒకటి ఎంత దూరాయో లెక్కకట్టడం చాలా కష్టం. 1995లో గ్రాంట్, పికప్ ఒక దారి చూపించారు: ప్రతి పరమాణువునీ అంచు లేని గాసియన్ మబ్బుగా తీసుకోవాలి. రెండు గాసియన్లను గుణిస్తే మళ్లీ గాసియనే వస్తుంది కాబట్టి, రెండు అణువులు పంచుకునే ఘనపరిమాణం సూటిగా సూత్రంలో దొరుకుతుంది. ఎటు జరిపితే అది పెరుగుతుందో కూడా తెలుస్తుంది. ఓపెన్‌ఐ (OpenEye) కంపెనీ వాళ్ల రాక్స్ (ROCS) సాఫ్ట్‌వేర్ ఈ పునాది మీదే నిలబడింది.

స్కోరు లెక్క తేలిక. రెండూ పంచుకున్న ఘనపరిమాణాన్ని, రెండూ కలిసి ఆక్రమించిన మొత్తంతో భాగిస్తాం. దాని పేరు షేప్ టానిమోటో. పూర్తిగా ఒకటే అయితే 1. దీనికి తోడు "కలర్" అని ఇంకో స్కోరు ఉంటుంది: హైడ్రోజన్ ఇచ్చే డోనర్ మీద డోనర్ పడిందా, దాన్ని అందుకునే యాక్సెప్టర్ మీద యాక్సెప్టర్ పడిందా, ప్లస్ మీద ప్లస్, రింగు మీద రింగు పడ్డాయా అని చూస్తుంది. రెండూ కూడితే 0 నుంచి 2 మధ్య ఒక సంఖ్య వస్తుంది. అందరికీ తెరిచి ఉన్న రసాయనాల డేటాబేస్ పబ్‌కెమ్‌లో త్రీడీ పోలికకి ఆకారం 0.80, ఫీచర్లు (మన కలర్ లాంటివి) 0.50 దాటాలని పెట్టుకున్నారు. ఆ పోలిక కోడ్ 2024లో ఆర్‌డీకిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి కూడా వచ్చింది. లైసెన్స్ కొనలేని కాలేజీ ల్యాబులకి ఇది నిజంగా మంచి వార్త.

ఇంకా వేగంగా పోయే పద్ధతులూ ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో బాలెస్టర్, రిచర్డ్స్ 2007లో ఇచ్చిన యూఎస్‌ఆర్ పద్ధతిలో అణువుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టే పనే లేదు. నాలుగు బిందువుల నుంచి పరమాణువుల దూరాలు తీసి 12 సంఖ్యలుగా కుదిస్తారు. కాకపోతే దూరాలు మాత్రమే చూస్తుంది కాబట్టి అణువుకీ దాని అద్దం ప్రతిబింబానికీ తేడా పట్టలేదు. మందుల్లో ఆ తేడా ప్రాణం పోసేదీ తీసేదీ కావచ్చు. మేం దాన్ని మొదటి వడపోతకే వాడతాం.

ఈ పద్ధతుల విజయాలు కట్టుకథలు కావు. జిప్‌ఏ అనే బ్యాక్టీరియా ప్రొటీన్‌కి రాక్స్‌తో కొత్త అస్థిపంజరాలు వెతికిన పని 2005లో వచ్చింది. అణువుని ప్రొటీన్ గుంటలోనే పెట్టి చూసే డాకింగ్‌తో పోలిస్తే ఆకారం పద్ధతి ఏమాత్రం తీసిపోదని 2007లో హాకిన్స్ బృందం చూపించింది. కాబట్టి తప్పు పద్ధతిది అని చేతులు దులుపుకునే వీలు లేదు. మేం ఇచ్చిన ఫైళ్లలోనే ఏదో ఉంది.

జవాబు ముందే తెలిసిన జంట

సొంత టార్గెట్ మీద వెతికితే లాభం లేదు, సరైన జవాబు ఎవరికీ తెలియదు కాబట్టి. జవాబు క్రిస్టల్‌లో రాసి ఉన్న జంట కావాలి. అదీ తేలిక జంట కాకూడదు, కళ్లను మోసం చేసేది కావాలి. నాకు వెంటనే తట్టింది ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్.

తెలుగువాళ్లకి ఈ కథతో బంధుత్వం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబులో నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ వచ్చింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్‌కి ఒక మిథైల్ చేర్చినదే మెథోట్రెక్సేట్. ఈ రోజుకీ క్యాన్సర్ వార్డుల్లోనూ, కీళ్లవాతం డాక్టరు చీటీల్లోనూ ఉంది.

ఫోలిక్ యాసిడ్‌కీ దీనికీ కాగితం మీద తేడాలు రెండే. నాలుగో స్థానంలో ఆక్సిజన్ పోయి అమైన్ వచ్చింది, పదో నైట్రోజన్ మీద మిథైల్ చేరింది. అణుభారం 441 నుంచి 454 అయింది. ఎవరిని అడిగినా ఒకదాని మీద ఒకటి సూటిగా పెట్టేస్తారు. కానీ మెథోట్రెక్సేట్ అడ్డుకునే డీహెచ్‌ఎఫ్‌ఆర్ (డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్) ఎంజైమ్ గుంటలో అవి అలా కూర్చోవు. తోక భాగం రెండింట్లోనూ ఒకే చోట ఉంటుంది. తల భాగం, అంటే టెరిడీన్ జంట రింగులు మాత్రం మెథోట్రెక్సేట్‌లో 180 డిగ్రీలు తిరిగి ఉంటాయి.

దీన్ని మా జూనియర్‌కి చెప్పడానికి చేయి చాపమన్నాను. అరచేయి కిందికి పెట్టి చాపు. ఇప్పుడు మోచేయి కదపకుండా అరచేయి పైకి తిప్పు. దూరం నుంచి నీడ చూస్తే దాదాపు అదే చేయి, అదే ఆకారం. బొటనవేలు మాత్రం ఇటు నుంచి అటు పోయింది. మెథోట్రెక్సేట్ చేసేది సరిగ్గా ఇదే. మణికట్టు స్థానంలో ఉన్నది సీ6, సీ9 కార్బన్ల మధ్య ఒంటి బంధం.

ఇది తిరగడానికి కారణం గుంట అడుగున ఉన్న ఒక ఆమ్లం. మనుషుల ఎంజైమ్‌లో గ్లుటామేట్ 30, ఈ.కోలైలో ఆస్పార్టేట్ 27. దానికి ఎదురుగా రెండు హైడ్రోజన్లు పక్కపక్కన చూపించాలి. ఫోలేట్‌లో (ఫోలిక్ యాసిడ్‌కే ఇంకో పేరు) ఆ రెండూ ఎన్3 మీద, అంటే మూడో స్థానం నైట్రోజన్ మీద, రెండో స్థానం అమైన్ మీద ఉన్నాయి. మెథోట్రెక్సేట్‌లో ఎన్3 మీద హైడ్రోజన్ లేదు. గుంటలోకి వచ్చాక ఎన్1 ఒక ప్రోటాన్ (ప్లస్ చార్జి ఉన్న హైడ్రోజన్) తీసుకుంటుంది. అందుకని ఎన్1 ఆమ్లం వైపు వచ్చేలా తల తిప్పుకుంటుంది.

పరీక్ష ఎలా పెట్టామంటే, ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి మనుషుల ఎంజైమ్ నిర్మాణాలు రెండు దించాం: ఫోలేట్‌తో ఉన్న 1డీహెచ్‌ఎఫ్, మెథోట్రెక్సేట్‌తో ఉన్న 1యూ72. ప్రొటీన్ గొలుసుల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, అణువులు ఉన్న చోటు గుర్తు పెట్టుకున్నాం. అదే మా జవాబు కాగితం. తర్వాత ఫోలేట్‌ని క్వెరీగా, అంటే పోలికకి నమూనాగా పెట్టి, మెథోట్రెక్సేట్‌ని మాత్రం మామూలు రాత రూపం నుంచి మొదలుపెట్టి 200 కాన్ఫార్మర్లు (బంధాలు తిరిగినప్పుడు అదే అణువు తీసుకునే త్రీడీ రూపాలు) చేయించాం. సాఫ్ట్‌వేర్‌కి క్రిస్టల్ సంగతి తెలియకూడదు. కొలమానం ఒక్కటే: పై స్కోరు వచ్చిన ఓవర్‌లేలో (ఒకదాని మీద ఒకటి పెట్టిన అమరికలో) ఫోలేట్ ఎన్3 దగ్గరికి మెథోట్రెక్సేట్ ఎన్1 వచ్చిందా, ఎన్3 వచ్చిందా. ఎన్1 వస్తే పాస్.

మొదటిసారి ఫెయిల్, గొప్ప మార్కులతో

మొదటి రన్‌లో తల సూటిగానే పడింది, స్కోరు చాలా బాగుంది. తప్పు జవాబుకి అంత మంచి స్కోరు ఎందుకొచ్చిందని ఫైల్ తెరిచి చూస్తే విషయం బయటపడింది. మా పాత లైబ్రరీలో ఫోలిక్ యాసిడ్‌ని నాలుగో స్థానంలో హైడ్రాక్సిల్‌తో గీసి ఉంచారు. పుస్తకాల్లో అలా గీయడం మామూలే. నిజానికి అది అక్కడ ఆక్సో రూపంలో ఉంటుంది, హైడ్రోజన్ ఎన్3 మీద ఉంటుంది. కాగితం మీద గీత ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే మనిషి కంటికి పెద్ద తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం డోనర్ యాక్సెప్టరైపోతుంది.

అప్పుడు కంప్యూటర్ పక్కన పెట్టి, ఇద్దరం వైట్‌బోర్డు దగ్గర నిలబడి చేతితో లెక్కవేశాం. ఇది అందరూ ఒకసారి చేసి చూడాలని నా కోరిక, పది నిమిషాల పని. మెథోట్రెక్సేట్ తలలో ఆరు స్థానాలు: ఎన్1, రెండో అమైన్, ఎన్3, నాలుగో అమైన్, ఎన్5, ఎన్8. ఒక్కొక్కటి ఫోలేట్‌లో దేని మీద పడుతుంది, జాతి (డోనరా, యాక్సెప్టరా) కలిసిందా లేదా. తల తిప్పినప్పుడు ఎన్1 పోయి ఎన్3 మీద, ఎన్3 పోయి ఎన్1 మీద, నాలుగో అమైన్ ఎన్8 మీద, ఎన్8 నాలుగో ఆక్సిజన్ మీద పడతాయి. రెండో అమైన్ ఉన్నచోటే ఉంటుంది. ఎన్5కి మాత్రం జత దొరకదు.

హైడ్రాక్సిల్ గీసిన ఫోలేట్‌కీ, ప్రోటాన్ లేని మెథోట్రెక్సేట్‌కీ సూటి ఓవర్‌లేలో ఆరుకి ఆరు కలిశాయి. అంటే మా ఫైల్ తప్పు జవాబుకి నూటికి నూరు మార్కులు వేసేలా తయారై ఉంది. బోర్డు మీద ఆ ఆరో టిక్కు పెట్టినప్పుడు నాకు గుండె జారింది, ఎందుకంటే పోయిన ఏడాది కొన్న కాంపౌండ్లు గుర్తొచ్చాయి.

గీత సరిదిద్దాం. ఇప్పుడు సూటిగా పెడితే 4, తిప్పి పెడితే 3. ఎన్3, నాలుగో స్థానం తేడా కొట్టినా సూటిదే ఇంకా ముందుంది. సాఫ్ట్‌వేర్ కూడా అదే చెప్పింది.

తర్వాతి మార్పు మా సీనియర్ గారు చెప్పింది. "ఎంజైమ్ ప్రధానంగా పని చేసేది ఫోలిక్ యాసిడ్ మీద కాదు కదమ్మా, డైహైడ్రోఫోలేట్ మీద" అన్నారు. అది పేరులోనే ఉంది. ఆ రూపంలో ఎన్8 మీద హైడ్రోజన్ ఉంటుంది, యాక్సెప్టర్ కాస్తా డోనరవుతుంది. క్రిస్టల్‌లోని ఫోలేట్‌కి ఏడు, ఎనిమిది స్థానాల్లో హైడ్రోజన్లు చేర్చి మళ్లీ లెక్కవేస్తే సూటిగా 3, తిప్పితే 4. రన్‌లో రెండు రకాల ఓవర్‌లేలూ పైన పక్కపక్కనే వచ్చాయి. కాన్ఫార్మర్లను మళ్లీ కొత్తగా చేయిస్తే వరస మారిపోతోంది. అలాంటి తేడాని నమ్మలేం.

చివరిది ప్రోటాన్. ఎన్1 మీద హైడ్రోజన్ పెట్టాం. సూటిగా 2, తిప్పితే 5. ఈసారి రన్‌లో పై వరసంతా తిరగబడిన ఓవర్‌లేలే. జవాబు కాగితం మీద పెట్టి చూస్తే టెరిడీన్ రింగులు క్రిస్టల్‌లో ఉన్నచోటే పడ్డాయి. కలర్ స్కోరు తీసేసి ఆకారం ఒక్కటే పెట్టి నడిపితే మాత్రం సూటిదీ తిరగబడిందీ రెండూ దాదాపు సమానం, తేడా రెండో దశాంశంలో. అరచేతి నీడ లాంటిదే మరి, ఆకారానికి ఆ తేడా కనపడదు.

ఆ ప్రోటాన్‌ని అణువుల ఫైళ్లు తయారు చేసే మన ప్రిపరేషన్ టూల్ ఎందుకు పెట్టలేదు? ఇక్కడ ఎవరి తప్పూ లేదు. నీళ్లలో మెథోట్రెక్సేట్ ఎన్1 పీకేఏ సుమారు 5.7, అంటే పీహెచ్ అంతకంటే పైకి పోయేకొద్దీ ప్రోటాన్ ఊడిపోతుంది. పీహెచ్ 7.4 దగ్గర తయారు చేయమంటే ఏ టూలైనా ప్రోటాన్ లేకుండానే రాస్తుంది, రాయాలి కూడా. గుంటలో ఎదురుగా గ్లుటామేట్ ఉండటం వల్ల సంగతి మారుతుంది. అణువుని ఒంటరిగా చూసే టూల్‌కి ఆ గ్లుటామేట్ కనపడదు. ప్రొటీన్‌ని చూసిన మనిషి చేత్తో పెట్టాలి.

పరిమాణం సంగతి

ఇదే క్వెరీతో ట్రైమెథోప్రిమ్ దొరుకుతుందా అని కూడా చూశాం. ఇది బ్యాక్టీరియా డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని అడ్డుకునే మందు, హిచింగ్స్ బృందం నుంచి వచ్చింది. 1988లో హిచింగ్స్, ఎలియన్లకి నోబెల్ వచ్చింది. దీని తలలోనూ అదే డైఅమినోపిరిమిడిన్ ఉంది, ఆమ్లానికి అదే తీరుగా చేయి అందిస్తుంది. కానీ అణుభారం 290. టానిమోటోలో కింది లెక్క రెండూ కలిసి ఆక్రమించిన మొత్తం కాబట్టి, చిన్న అణువు ఎంత చక్కగా కూర్చున్నా మిగిలిన ఖాళీ అంతా దానికి జరిమానాగా పడుతుంది. అందుకే జాబితాలో చాలా కిందికి పోయింది. ట్వెర్స్కీ స్కోరుకి మారి, చిన్న అణువు తన వంతు ఎంత లోపల ఇమిడిందో అడిగితే పైకి వచ్చింది. పెద్ద అణువుని క్వెరీగా పెట్టి చిన్న మొదళ్లు వెతికేవాళ్లు ఈ మీట సంగతి మరిచిపోకూడదు. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది: మరీ అటు వంగితే బెంజీన్ రింగులాంటి చిన్న ముక్కలన్నీ పై వరసకి వచ్చేస్తాయి. మేం కనీస పరిమాణం ఒకటి పెట్టుకుని వాడుతున్నాం.

మళ్లీ మా టార్గెట్ దగ్గరికి

పాత క్వెరీ ఫైల్ తెరిచాం. సీనియర్ గారు పెన్నుతో చుక్క పెట్టిన ఆ నైట్రోజన్ సరిగ్గా ఒక ఆస్పార్టేట్‌కి ఎదురుగా ఉంది. క్రిస్టల్‌లో ఆ రెంటి మధ్య దూరం చూస్తే మధ్యలో హైడ్రోజన్ ఉండక తప్పదు. మా ఫైల్‌లో లేదు. అంటే డోనర్ కావాల్సిన చోట యాక్సెప్టర్ కావాలని అడిగాం, సాఫ్ట్‌వేర్ అడిగింది అడిగినట్టు వెతికి పెట్టింది. మేం డబ్బు పెట్టి కొన్న కాంపౌండ్లన్నీ ఆస్పార్టేట్ ముందు ఒంటి ఎలక్ట్రాన్ జంట చూపించేవే. మైనస్‌కి ఎదురుగా మైనస్. అవి పట్టకపోవడంలో ఆశ్చర్యమేముంది.

ప్రోటాన్ పెట్టి మళ్లీ నడిపాం. పాత జాబితాలో పైన ఉన్నవి చాలావరకు కిందికి జారాయి. కొత్తగా పైకి వచ్చిన వాటిలో మేం ఎన్నడూ అనుకోని రింగులున్నాయి. ఒక్కొక్క ఓవర్‌లే తెరిచి, ఆస్పార్టేట్ ముందు ఏముందో కంటితో చూసి, సీనియర్ గారి పక్కన కూర్చుని ఏరి, చిన్న జాబితా ల్యాబ్‌కి పంపాం. ఫలితాలు ఇంకా రావాలి. టెన్షన్ ఉంది, కానీ ఈసారి ప్రతి నైట్రోజన్ మీద ఏముందో, ఎందుకుందో నేను చెప్పగలను.

ఫోలేట్, మెథోట్రెక్సేట్ జంటని ఇప్పుడు స్థిరంగా పెట్టుకున్నాం. వెర్షన్ మారినా, సెట్టింగ్ మారినా ముందు ఆ పరీక్ష నడుస్తుంది, పాసైతేనే అసలు పని మొదలవుతుంది. రెండు వారాల కింద అది ఫెయిలైంది. మా జూనియర్ మర్నాడు పొద్దున్నే వచ్చి, "మేడమ్, మళ్లీ సూటిగా పడింది" అంది. ప్రోటాన్ ఉంది, గీతలు సరిగానే ఉన్నాయి. ఇద్దరం కూర్చుని వెతికితే, లక్షల అణువులకి టైమ్ పడుతోందని ఎవరో కాన్ఫార్మర్ల సంఖ్యని 200 నుంచి 10కి తగ్గించి ఉంచారు. ఆ పదింటిలో సీ6, సీ9 బంధం దగ్గర తల అవతలికి తిరిగినది ఒక్కటీ లేదు. లేని కాన్ఫార్మర్‌ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెచ్చి పెడుతుంది? సంఖ్య పెంచుతూ పోయి, తిరిగిన తల ప్రతిసారీ కనపడేదాకా ఆగలేదు. ఇప్పుడు పెద్ద లైబ్రరీకి ముందు యూఎస్‌ఆర్ వడపోత పెట్టి, మిగిలినవాటికి పూర్తి 200 ఇస్తున్నాం. రాత్రికి అయ్యే పని రెండు రాత్రులు పడుతోంది.